పట్టేసిన బ్రేకు నట్టు



అంబాసిడర్, మారుతి 800, ఈ రెండు కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. వాటిలో ఆఖరున ఫ్యాక్టరీ గేటు దాటిన బండికి కూడా పదేళ్ళు నిండిపోయాయి. అయినా మన ఊళ్ళలో అవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఇంజను బోరు చేయిస్తాం, సీటు కవర్లు మారుస్తాం, రంగు వేయిస్తాం. బండి అడుగున ఏముందో మాత్రం తొంగి చూడం. అక్కడ ఓ సన్నటి ఉక్కు గొట్టం ముందు నుంచి వెనక చక్రాల దాకా పోతుంది. మీరు తొక్కిన బ్రేకు వెనక చక్రానికి చేరేది దాని గుండానే. ఆ గొట్టాన్ని మార్చాలని కూర్చుంటే, దాన్ని పట్టి ఉంచిన చిన్న నట్టు తుప్పుపట్టి కదలనంటుంది. అలా పట్టేసిన నట్టు గురించే ఈ పూట మాట్లాడుకుందాం.

ముందు గొట్టం సంగతి. బయటి వ్యాసం 4.75 మిల్లీమీటర్లు. గోడ మందం మిల్లీమీటరు కూడా ఉండదు. రాగి పూత పూసిన పల్చటి ఉక్కు రేకును రెండు చుట్లు చుట్టి, కొలిమిలో ఆ రాగిని కరిగించి అతికిస్తారు. ఇంత సన్నటి గొట్టం ఎంత ఒత్తిడి మోస్తుందో చిన్న లెక్క వేద్దాం. పెడల్ మీద మీ కాలు 30 కిలోల బలంతో నొక్కిందనుకోండి. పెడల్ మీట దాన్ని నాలుగు రెట్లు చేస్తే 120 కిలోలు. పెడల్ తోసే మాస్టర్ సిలిండర్ పిస్టన్ వ్యాసం 19 మిల్లీమీటర్లు అనుకుంటే దాని వైశాల్యం 2.8 చదరపు సెంటీమీటర్లు. భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 40 కిలోల పైమాటే. మీ టైరులో ఉండే గాలి ఒత్తిడి రెండు కిలోలు. అంటే టైరు కన్నా ఇరవై రెట్ల ఒత్తిడి ఆ సన్నటి గొట్టంలో ఉంటుంది. కాలి బలాన్ని పెంచే బూస్టరున్న బండిలో ఇంకా ఎక్కువ. పొక్కులు లేచిన గొట్టాన్ని చూసి "ఇంకో ఏడాది లాగుతుంది లెండి" అనే మెకానిక్కును మార్చమని నేను చెప్పేది ఈ లెక్క తెలిసే.

ఇప్పుడు నట్టు. నట్టు అని పిలుస్తాం గానీ చూడడానికి నడుమ బోలుగా ఉన్న పొట్టి బోల్టులా ఉంటుంది. గొట్టం దాని మధ్య నుంచి దూరి వస్తుంది. గొట్టం చివర అంచును వెడల్పు చేసి మడుస్తారు, దాన్ని ఫ్లేర్ అంటారు. నట్టును బిగిస్తే అది ఆ ఫ్లేరును ఎదుటి గుంటలోకి అదిమి పెడుతుంది. అంతే, వాషరు లేదు, రబ్బరు లేదు. లోహం మీద లోహం.

ఇలాంటి నట్టు ఒక చోట కాదు, రెండు చోట్ల పట్టేస్తుంది. చాలామందికి తెలియని సంగతి ఇదే. బయట థ్రెడ్డు దగ్గర తుప్పు పట్టడం అందరికీ అర్థమవుతుంది. కానీ నట్టు లోపలి బోలుకూ గొట్టానికీ మధ్య కూడా వెంట్రుక దూరేంత సందు ఉంటుంది. చక్రాలు చిమ్మిన నీళ్ళు ఆ సందులోకి దిగి నిలుస్తాయి. ఎండే దారి లేదు. ఇనుము తుప్పుగా మారితే మొదట ఉన్న చోటుకు రెండింతలకు పైగా జాగా కావాలి. ఆ జాగా లేక, వానాకాలంలో ఉబ్బిన చెక్క తలుపు గుమ్మంలో బిగుసుకున్నట్టు, నట్టు గొట్టాన్ని కరిచిపెట్టేస్తుంది. అప్పుడు మీరు పానా వేసి తిప్పితే థ్రెడ్డు వదిలినా గొట్టం వదలదు. నట్టుతోపాటు గొట్టమూ మెలి తిరుగుతుంది. ఒక పావు చుట్టు తట్టుకుంటుంది, ఆ తర్వాత పిండిన గుడ్డలా ముడుచుకుని తెగిపోతుంది.

విశాఖ, భీమిలి, కాకినాడ, మచిలీపట్నం వైపు బళ్ళలో ఈ బాధ ఎక్కువ. సముద్రపు గాలి ఉప్పును మోసుకొస్తుంది, ఆ ఉప్పు గాలిలోని తేమను లాక్కుని ఇనుము మీద ఎప్పుడూ చెమ్మగా ఉంచుతుంది. మంచు పడే దేశాల్లో అయితే రోడ్ల మీద గడ్డకట్టిన మంచు కరగడానికి ఉప్పే చల్లుతారు. అక్కడి మెకానిక్కులకు ఇది రోజువారీ బాధ. అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో తిరిగిన అదే వయసు బండి కింద దూరి చూడండి, నట్లు దుమ్ముకొట్టుకుని ఉంటాయి గానీ చాలావరకు తిరుగుతాయి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళు బండి ఏ ఊళ్ళో తిరిగిందో అడగడం మంచిది. కిలోమీటర్ల మీటరు చెప్పని సంగతి అది.

సరే, బండి మీ ముందుంది. మారుతి 800 వెనక యాక్సిల్ దగ్గర, చక్రం బ్రేకును నడిపే వీల్ సిలిండరులోకి దిగే నట్టు పట్టేసింది. పానా అందుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. ఇక్కడ దేన్ని కాపాడుకోవాలి?

నా లెక్కలో జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే. గొట్టాన్ని వదులుకోండి, అది దిగిన భాగాన్ని కాపాడుకోండి. గొట్టం మీటరు లెక్కన దొరుకుతుంది, కొత్త నట్టు చవక. మాస్టర్ సిలిండరో, ముందు చక్రం బ్రేకు కాలిపరో, గొట్టాలు చీలే చోట ఉండే ఇత్తడి బ్లాకో థ్రెడ్డు పోతే అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది. పాత బళ్ళకు సరైన విడిభాగం దొరకడమూ గగనమే. అయినా జనం చేసేది తలకిందులుగా ఉంటుంది. పుచ్చిపోయిన గొట్టాన్ని కాపాడాలని గంటలు గంటలు కుస్తీ పట్టి, ఆ కుస్తీలో నట్టు తల గుండ్రంగా అరగదీసి, చివరికి సిలిండరునే పాడుచేస్తారు. పైన పొక్కులు కనబడుతున్నాయా, గొట్టం పని అయిపోయినట్టే. దాని మీద జాలి వద్దు. గొట్టం నిగనిగలాడుతూ ఉండి, మారుస్తున్నది రబ్బరు హోసో సిలిండరో అయితే మాత్రం గొట్టాన్ని దక్కించుకునే ప్రయత్నం న్యాయమే. దానికి ఓపిక కావాలి. ఆ ఓపిక ఎలా ఖర్చు పెట్టాలో చెబుతాను.

బండిని జాకీ మీద లేపి అలాగే కిందకి దూరకండి. జాకీ లేపడానికే, మొయ్యడానికి కాదు. ఇనుప స్టాండ్లు పెట్టండి, ముందు చక్రాలకు రెండు వైపులా దుంగలు అడ్డం వెయ్యండి. ఇటుకలూ సిమెంటు దిమ్మెలూ పనికిరావు, అవి హెచ్చరిక లేకుండా పగులుతాయి.

తర్వాత ఇనుప బ్రష్షుతో నట్టు చుట్టూ, నట్టు వెనక రెండంగుళాల మేర గొట్టాన్నీ మెరిసేదాకా రుద్దండి. ఇది విసుగు పుట్టించే పని కాబట్టి అందరూ దాటేస్తారు. గొట్టం మీద పెచ్చులుగా లేచిన తుప్పు అలాగే ఉంటే, నట్టు థ్రెడ్డు వదిలినా వెనక్కి జారలేక దాని మీద తగులుకుంటుంది. ఆపైన చొచ్చుకుపోయే నూనె వెయ్యండి. దుకాణంలో డబ్ల్యూడీ-40 అడిగి తెచ్చుకుంటాం. 1953లో అమెరికాలోని శాన్ డియెగోలో అది పుట్టింది లోహం మీద నీటిని తరిమి తుప్పు రాకుండా చూడడానికి. పట్టేసిన నట్టు ఊడదీయడానికని తయారుచేసినది కాదు. ఏమీ లేనిదాని కన్నా మేలే గానీ, తుప్పు వదిలించడానికనే చేసిన నూనెలు వేరే వస్తాయి, దొరికితే అవే కొనండి. షెడ్లలో డీజిలూ కిరసనాయిలూ వాడేవాళ్ళున్నారు. అవీ పల్చగా ఉండి ఎంతోకొంత లోపలికి దిగుతాయి.

నూనె ఏదైనా రెండు చోట్ల వెయ్యాలి. థ్రెడ్డు సిలిండరులోకి దిగే అంచు దగ్గర ఒకసారి, గొట్టం నట్టులోకి దూరే వెనకవైపు ఒకసారి. రెండోదాన్ని మరిచిపోతే పని సగమే అయినట్టు. సాయంత్రం వేసి, రాత్రి పడుకోబోయే ముందు మళ్ళీ వేసి, పొద్దున పని మొదలుపెట్టండి. నూనె వేసిన అయిదు నిమిషాలకే పానా వెయ్యడం కన్నా వెయ్యకపోవడం నయం.

మధ్యలో సుత్తి పని ఉంది. నట్టు పలకల మీద చిన్న సుత్తితో, అవసరమైతే మధ్యన ఇత్తడి కడ్డీ పెట్టి, టకటకమని చిన్న దెబ్బలు వెయ్యండి. ఒక్కో పలక మీదా. బలం కాదు కావలసింది, అదురు. తుప్పు గట్టిదే గానీ పెళుసు. అదురుకు సన్నటి బీటలు వారుతుంది, ఆ బీటల్లోంచి నూనె దిగుతుంది. సిలిండరు పోతపోసిన లోహం కాబట్టి దాని మీద మాత్రం దెబ్బ పడనివ్వకండి.

ఇక పానా. మామూలు 10-11 నంబరు రెండు నోళ్ళ పానా ఈ నట్టుకు శత్రువు. అది రెండు పలకల్నే పట్టుకుంటుంది. మెత్తటి నట్టు మీద కాస్త బలం పడగానే మూలలు అరిగిపోతాయి. రింగు పానా అయితే చుట్టూ పడుతుంది, కానీ గొట్టం అడ్డం ఉంటుంది కాబట్టి ఎక్కించలేం. అందుకని రింగులో గొట్టం దూరేంత సందు కోసిన పానా వస్తుంది, ఫ్లేర్ నట్ స్పానర్ అంటారు. దొరక్కపోతే షెడ్లలో మంచి రింగు పానా ఒకటి తీసుకుని గ్రైండరుతో ఆరు మిల్లీమీటర్ల సందు కోసుకుంటారు. మంచి ఉపాయమే. కాకపోతే కోసిన పానాకు బలం తగ్గుతుంది, చవక ఉక్కయితే నోరు విప్పుకుంటుంది. అలా విప్పుకోకుండా పానా తల చుట్టూ వైస్ గ్రిప్ బిగించి పట్టుకుంటే చాలావరకు నిలుస్తుంది.

పానా వేశాక మొదటి కదలిక బిగించే వైపు ఇవ్వండి. ఏదో వెంట్రుకవాసి. తుప్పు పట్టు విరగడానికి ఏ దిక్కయినా ఒకటే, బిగించే వైపు కదిలితే మరో వైపు కదలడం తేలికవుతుంది. తర్వాత విప్పే వైపు, మళ్ళీ బిగించే వైపు, నడుమ నూనె చుక్క. గొట్టం మీద పొడవునా సుద్దముక్కతో ఒక గీత గీసుకోండి. నట్టు తిరుగుతుంటే ఆ గీత తిన్నగా ఉందా, మెలి పడుతోందా చూడండి. మెలి పడుతోందంటే వెంటనే ఆపి వెనక్కి తిప్పండి. చేతికి నట్టు తిరిగిన సంతోషం ఉంటుంది గానీ తిరుగుతున్నది గొట్టం. నట్టును కొంచెం ముందుకూ కొంచెం వెనక్కీ ఆడిస్తూ, వెనకవైపు నూనె వేస్తూ పోతే గొట్టం నుంచి విడివడే అవకాశం ఉంది.

నట్టు రబ్బరు హోసులోకి దిగేదైతే రెండో పానాతో హోసు చివర పలకను కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే మీ బలమంతా హోసును మెలిపెట్టడానికీ, దాన్ని పట్టి ఉంచిన తుప్పుపట్టిన రేకు బ్రాకెట్టును చింపడానికీ పోతుంది.

వేడి గురించి అడుగుతారని తెలుసు. గ్యాస్ మంట చూపిస్తే ఎలాంటి నట్టయినా వదులుతుందని షెడ్లలో అందరి నమ్మకం. నిజమే, చాలాసార్లు వదులుతుంది. అయితే వేడి చేసే పని ఎంతో చూడండి. ఉక్కు ఒక్క డిగ్రీకి తన పొడవులో లక్షలో ఒకటింబావు వంతు కన్నా తక్కువే పెరుగుతుంది. 10 మిల్లీమీటర్ల నట్టును 200 డిగ్రీలు వేడి చేసినా పెరిగేది 0.024 మిల్లీమీటర్లు. వెంట్రుక మందంలో సగం కూడా కాదు. మేలు చేసేది ఆ పెరుగుదల కన్నా, వేడెక్కి చల్లారడంలో తుప్పు పొర చిట్లడం. ఆ చిట్లడం కోసం నట్టు ఎర్రగా కాలనక్కరలేదు. వేడిగా ఉన్నప్పుడు అంచు మీద మైనం ముక్క ఆనిస్తే కరిగి లోపలికి పీల్చుకుంటుంది, అదీ పనిచేస్తుంది.

కానీ ఎక్కడ మంట పెడుతున్నారో గుర్తుంచుకోండి. గొట్టంలో బ్రేక్ ఆయిల్ ఉంది, అది మండుతుంది, మూసిన గొట్టంలో మరిగితే ఎగజిమ్ముతుంది. అంగుళాల దూరంలో రబ్బరు హోసు, సిలిండరులో రబ్బరు కప్పులు, కాస్త అవతల పెట్రోల్ ట్యాంకు. మీరు ఇందాక చల్లిన నూనె కూడా మండేదే. ఇంకో సంగతి, క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్ స్ప్రే చల్లిన చోట మంట తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన వాయువు అది. ఇంటి దగ్గర కారు కింద పడుకుని చేసే పనిలో మంటకు చోటు లేదని నా అభిప్రాయం. భాగాన్ని ఊడదీసి, రబ్బరు కప్పులు తీసేసి, కడిగి ఆరబెట్టి, బల్ల మీద వైసులో బిగించాక వేడి చేసుకోండి, అది వేరే కథ.

ఇవన్నీ కుదరనప్పుడు, లేదా గొట్టాన్ని మార్చడం ఎలాగూ ఖాయమైనప్పుడు, అన్నిటికన్నా మంచి మార్గం ఇంకొకటుంది. నట్టు వెనక గొట్టాన్ని మొదలంటా కోసేయండి. అడ్డం పోయింది కాబట్టి ఇప్పుడు నట్టు మీద మామూలు సాకెట్టు ఎక్కుతుంది. ఆరు పలకల సాకెట్టే తీసుకోండి, పన్నెండు మూలలది వద్దు. ఆరు పలకలూ నిండా పట్టుకుంటే ఇందాక గంటసేపు మొరాయించిన నట్టు చాలాసార్లు ఒక్క పట్టుకు వచ్చేస్తుంది. గొట్టం మెలి పడుతుందన్న భయమూ లేదు. తల అప్పటికే గుండ్రం అయిపోయి ఉంటే ఒక సైజు చిన్న సాకెట్టును సుత్తితో కొట్టి ఎక్కిస్తారు. వెనక చక్రం దగ్గరయితే ఇంకా తేలిక. వీల్ సిలిండరును పట్టి ఉంచేది వెనక ప్లేటు మీద చిన్న బోల్టులే. వాటిని విప్పి, సిలిండరును మొండి నట్టుతో సహా బయటికి లాగేయవచ్చు. ఆ వయసు సిలిండరు ఎలాగూ మార్చదగ్గదే అయి ఉంటుంది.

కోసే ముందు చిన్న ఏర్పాటు. గొట్టం తెగగానే ట్యాంకులో ఉన్న బ్రేక్ ఆయిల్ అంతా కారిపోతుంది. పెడల్‌ను రెండంగుళాలు లోపలికి నొక్కి, సీటుకూ దానికీ మధ్య ఒక కర్ర ఊతం పెట్టండి. పిస్టన్ ముందుకు జరిగి ట్యాంకు నుంచి వచ్చే రంధ్రం మూసుకుంటుంది, కారడం ఆగుతుంది. పెడల్ నొక్కి ఉంటే బ్రేకు లైట్లు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి బ్యాటరీ తీగ ఒకటి తప్పించండి. కారిన నాలుగు చుక్కలు రంగు మీద పడితే వెంటనే నీళ్ళతో కడిగేయండి, లేకపోతే రంగు లేచిపోతుంది. ఈ ద్రవం గ్లైకాల్ జాతిది, నూనె కాదు. అందుకే మీరు వాడిన తుప్పు నూనె కూడా లోపలికి పోకూడదు. మామూలు నూనె తగిలితే బ్రేకు రబ్బర్లు ఉబ్బిపోతాయి. నట్టు పూర్తిగా ఊడే ముందు చుట్టుపక్కల శుభ్రంగా తుడవండి.

కొత్త గొట్టం విషయంలో మూడు జాగ్రత్తలు. ఫ్రిజ్జుకు వాడే రాగి గొట్టం వెయ్యనివ్వకండి. వట్టి రాగి బండి అదురుకు గట్టిపడి చిట్లుతుంది. 90 శాతం రాగి, 10 శాతం నికెల్ కలిపిన గొట్టం వేరు, అది తుప్పు పట్టదు, తేలిగ్గా వంగుతుంది. వోల్వో 1970ల్లోనే దాన్ని వాడడం మొదలుపెట్టింది. అది దొరకకపోతే పూత ఉన్న ఉక్కు గొట్టమే తీసుకోండి. రెండోది, తుప్పుపట్టిన ముక్క కోసి మధ్యలో వెల్డింగుతోనో ప్లంబరు జాయింటుతోనో అతకనివ్వకండి. ఇందాకటి 40 కిలోల లెక్క గుర్తుంటే దీని గురించి ఎక్కువ చెప్పక్కరలేదు.

మూడోది థ్రెడ్డు. మారుతిలాంటి జపాన్ వంశపు బళ్ళలో నట్టు సాధారణంగా 10 మిల్లీమీటర్లు, చుట్టుకు చుట్టుకు దూరం ఒక మిల్లీమీటరు. అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశం. ఆ ఇంగ్లీషు బళ్ళలో ఎక్కువగా వాడినది 3/8 అంగుళం, అంగుళానికి 24 చుట్లు. మిల్లీమీటర్లలోకి మారిస్తే వ్యాసం 9.5, చుట్ల దూరం 1.06. చూశారా, ఎంత దగ్గరో. అంగుళాల నట్టు మిల్లీమీటర్ల రంధ్రంలోకి సుఖంగా తిరిగి దిగుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది, గట్టిగా బ్రేకు తొక్కిన రోజు ఊడి వస్తుంది. అందుకే పాత నట్టును చేత్తో పట్టుకెళ్ళి, పక్కపక్కన పెట్టి చూసి కొనండి. ఫ్లేరు ఆకారం కూడా పాతదానితో సరిపోవాలి.

కొత్త నట్టును మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్ళతోనే తిప్పాలి. వేళ్ళతో రాకపోతే వంకరగా పడుతోందని అర్థం. గొట్టం మీద నట్టు జారే చోట బ్రేకు రబ్బర్లకు వాడే గ్రీజు పల్చగా రాయండి, ఫ్లేరు మీద మాత్రం అంటనివ్వకండి. బిగింపు దాదాపు 15 న్యూటన్ మీటర్లు, అంటే 15 సెంటీమీటర్ల పొడవు పానా చివర పది కిలోల బలం. దాని మీద ఎక్కి తొక్కడం ఏమీ లేదు.

ఆ తర్వాత గొట్టంలో చేరిన గాలి తీయడం. సీసా మూత అప్పుడే తీసిన కొత్త బ్రేక్ ఆయిల్ పొయ్యండి, చాలా బళ్ళలో మాస్టర్ సిలిండరుకు దూరపు చక్రంతో మొదలుపెడతారు. బయటికి తీసిన పాతది వడగట్టి మళ్ళీ పొయ్యకండి. తాజా డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చినదానికి ఆ హద్దు 140కి దిగుతుంది, పైగా ఆ తేమ గొట్టాన్ని లోపలి నుంచి తింటుంది. పెడల్ గట్టిపడ్డాక ఇంజను స్టార్ట్ చేసి, ఒక మనిషి బలంగా నిమిషంసేపు తొక్కి పట్టాలి, మరొకరు టార్చి వేసి ప్రతి జాయింటునూ పొడిగుడ్డతో తుడిచి చూడాలి. ఖాళీ వీధిలో నెమ్మదిగా నడిపి నాలుగుసార్లు బ్రేకు వెయ్యండి, మర్నాడు పొద్దున మళ్ళీ అదే గుడ్డ పట్టుకుని కిందకి దూరండి. తడి తగిలితే బండిని గేటు దాటించకండి.